నల్లపులి ఆల్బమ్, మిస్ గోదావరి పాట

ఆ రోజుల్ల మా కొత్తగూడెం ఎండకు రోడ్డు మీది తారన్న కరిగేది గాని, నా నెత్తి మీది ఉన్ని టోపీ మాత్రం దిగేది కాదు. క్యాసెట్టు ముసలిదై, సీడీ అప్పుడప్పుడే వయసుకొస్తున్న కాలం. ఇప్పుడు యాది చేసుకుంటే నవ్వొస్తది, ఆ పోరని మీద కొంచెం జాలి కూడా అయితది. ఇరవై ఏండ్లోడు, రోహిణి కార్తెల ఉన్ని టోపీ పెట్టుకొని, మంచం మీది దుప్పటితోని కుట్టిచ్చిన జారుడు ప్యాంటు ఏసుకొని, క్వార్టర్ల నడుమ చేతులూపుకుంట తనల తాను మాట్లాడుకుంట పోతుంటే, చూసిన ఆడోళ్లు మా అమ్మను పక్కకు పిలిచి "పిల్లగాన్ని ఓసారి దవాఖానాల సూపెట్టకపోయినవా అక్కా?" అనేటోళ్లు. నేను ర్యాపర్‌ను. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవ్వరికీ తెల్వదు, గదీ నా బాధ. నాకు నేను పెట్టుకున్న పేరు నల్లపులి. కాలనీ పెట్టిన పేరు గొణుగోడు. (ఏది నిలిచిందో చెప్పాల్నా?)

ర్యాపర్ అంటే మెడల లావు గొలుసు, దానికి ఏలాడే బిళ్ల ఉండాలె అని కేబుల్ టీవీల చూసి నేర్చుకున్న. గొలుసు పక్కింటి కుక్కది దొరికింది (కుక్క అప్పటికే కాలం చేసింది, దాని మెడల నుంచి గుంజుకోలేదు). బిళ్ల దగ్గరనే తిప్పలొచ్చింది. మా నాయిన బొగ్గు గనిల పనిచేసేటోడు. కిందికి దిగేటోళ్లు ముందు ల్యాంపు రూముల తమ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇయ్యాలె, అప్పుడే నెత్తికి పెట్టుకునే దీపం చేతికిస్తరు. ఆ బిళ్ల మెరుపు చూసి నా మనసు ఆగలేదు. ఒక్క ఫోటో దిగి మళ్ల పెట్టేద్దామని ఒకనాడు తీసుకపోయిన. ఫోటో స్టూడియోల కరెంటు పోయింది, వచ్చేదాక కూర్చున్న. ఆ నడుమ మా నాయిన రెండో షిఫ్టుకు పోయి, జేబులన్ని తడుముకొని, బిళ్ల లేక, దీపం లేక, నలుగుట్ల నవ్వులపాలై వాపస్ వచ్చిండు. నేను ఆయన నంబరు మెడల ఏసుకొని దర్జాగ ఇంట్లకొచ్చేసరికి గడపల కూర్చోని ఉన్నడు.

"నా మస్టర్ మింగినవ్ గదరా, రోజు కూలి పాయె!" అన్నడు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "ఏందిరా నువ్ పాడేది? పాడు, నేను గూడ ఇంట" అన్నడు. గొంతు సవరించుకొని అందుకున్న: "గనిలోకి దిగినం మనం, బొగ్గునే తొలిచినం మనం, దినం దినం రణం రణం..." మా నాయిన చెయ్యెత్తి ఆపిండు. "నువ్వెప్పుడు దిగినవ్‌రా? నాకు తెల్వకుండ దిగినవా?" అని అడిగిండు. "సరే, దసరాదాక సూస్త. గప్పటికి నీ పాట బయటికొచ్చి నలుగురు ఇన్నరా, నీ ఇష్టం. లేకుంటే ఆ టోపీ తీసి మూలకేసి నా ఎంట కాంట్రాక్టు పనికి రావాలె" అన్నడు.

ఇగ నాకు దిక్కు మా బావ. మా అక్కను చేసుకున్నాయన, భద్రాచలంల కంప్యూటర్ షాపు నడిపేటోడు. పెండ్లి పత్రికలు కొట్టుడు, ఆటోకు మైకు కట్టి తిప్పే ప్రకటనలు రికార్డు చేసుడు ఆయన పని. గొర్రెల టీకాల నుంచి సర్కస్ దాక మన్నెంల ఏం జరిగినా ముందు మా బావ గొంతుల జరిగేది. షాపు ఎనక ఇరుకు గది, గోడలకు బొంతలు, పైన కోడిగుడ్ల అట్టలు, నడుమ ఒక్క మైకు. గదీ మా స్టూడియో. ఫ్యాను చప్పుడు పాటల పడుతదని ఆపేసేటోళ్లం, పాటకొక్కసారి బనియన్లు పిండుకునేటోళ్లం. సంగీతం ప్యాడ్ మామది. పెండ్లిండ్ల ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వాయించేటాయన కాబట్టి ఊరందరికి ప్యాడ్ మామనే. ఆయన చేతికి వచ్చినవి రెండే తాళాలు, ఒకటి భజనది, ఇంకోటి బరాత్‌ది. నేను పండ్లు కొరుక్కుంట లోకాన్ని నిలదీస్తుంటే ఆయన ఎనక నుంచి పెండ్లికొడుకు గుర్రమెక్కేటట్టు వాయించేటోడు. "మామా, జర కోపంగ కొట్టు" అంటే, "కోపమొస్తే నాకు వాయించబుద్ధి గాదు బిడ్డా" అనేటోడు. గట్లనే కిందమీద పడి ఎనిమిది పాటలు చేసినం. అందుల ఏడు నా గురించే. బావ అన్నీ ఇని, "బామ్మర్దీ, ఒక మనిషి గొంతు పడితే బాగుంటదేమో" అన్నడు. "మరి నాదేంది బావా?" అన్న. "నీది గూడ ఉంటది తియ్యి" అన్నడు.

మనిషి గొంతు అనంగనే ఇద్దరికీ ఒక్కరే మతికొచ్చింది, దుమ్ముగూడెం దిక్కు ఉండే మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క, మా నాయినకు వదినె, మా బావకు అత్తమ్మ, ఆమె ఎంట నాట్లేసే ముఠా ఆడోళ్లకు మేస్త్రమ్మ. పొలంల ఆమె పాట ఎత్తుకుంటే ముఠా అందుకునేది, పక్క మడోళ్లు చేతులాపి ఇనేటోళ్లు. నాట్లప్పుడు గట్టు మీద కొత్తోడు ఎవడన్న కనపడితే వదలొద్దని ఆ ఆడోళ్లకు ఒక ఆచారముండె. చుట్టూ మూగి, వాని కాళ్లకు నారు పరకలు చుట్టి, వాని మీదనే అప్పటికప్పుడు పాట కట్టి, ముఠాకు ఏమన్న ఇచ్చేదాక కదలనియ్యరు. ఓసారి బైకు మీద వచ్చిన ఎరువుల దుకాణపాయన మీద మా పెద్దమ్మ కట్టిన పాటకు, పాపం, ఆయన చెప్పులు గూడ యాది లేకుండ పోయిండు. నేను ఒక్క ప్రాస కోసం వారం రోజులు గోళ్లు కొరుక్కునేటోన్ని. ఆమె బురదల వంగి, అడుగు ఎనకకేసుకుంట, ఊపిరికొక్కటి చొప్పున ప్రాస ఏసేది. అసలు ర్యాపర్ ఎవరో నాకు అప్పుడే తెల్వాల్సింది. కానీ నా చెవుల మీద టోపీ ఉండె.

ఆ ఏడు గోదారి వరద మొదటి హెచ్చరిక దాటి నాట్లు ఆగినయి. పొలాలల్ల నీళ్లు, ముఠాకు పని లేదు. నేను పోయి బతిమాలిన. పెద్దమ్మ చుట్ట పక్కకు పెట్టి అంతా ఇన్నది. "గట్టు మీద పాడింది గట్టు మీదనే పోతాంది ఇన్నేండ్లు. గీ క్యాసెట్టంటే ఉంటది గదా?" అని అడిగింది. "ఉంటది పెద్దమ్మా, నూరేండ్లు." "దాని మీద నా పేరు రాస్తరారా?" "రాయకుండ ఎట్లుంటం!" అన్న. "నాకు పైసలొద్దు, చీరలొద్దు. పేరొక్కటి ఎయ్యి బిడ్డా, గంతే చాలు" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కండ్లల్ల మెదులుతది. నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేసిన (టోపీ మీద పడ్డది, అందుకే చెల్లలేదేమో).

తెల్లారి ఐదుగురు ఆడోళ్లను ఎంటేసుకొని ఆటోల దిగింది. మైకు ముంగట నిలబెట్టినం. ఒక్క పలుకు గూడ రాలే. "ఏమైంది అత్తమ్మా?" అన్నడు బావ. "నడుం వంచకుంటే పాట రాదు అల్లుడా" అన్నది. నిజమే, ఆమె నిలబడి పాడంగ ఎవరు చూసిండ్రు? బావ ఆలోచించి, పెండ్లి పత్రికలు కోసినంక మిగిలిన కాయితం పీలికలన్ని కట్టలు కట్టి నారు లెక్క పరిచిండు. మైకును ముక్కాలిపీట కాలుకు మోకాలెత్తున కట్టిండు. ఆడోళ్లు కొంగు నడుముకు చుట్టి వంగిండ్రు, ఇగ పాట ఎట్లొచ్చిందో! బొంతలు గూడ ఊగినయనిపించింది. కానీ నాట్లేసేటోళ్లు ఎనకకు నడుస్తరు గదా, పాట మైకుకు దూరమైతాంది. బావ బోర్లా పండుకొని పీటను వాళ్ల ఎనక నూక్కుంట పాకిండు. గోడ తగిలింది. "మడి చిన్నగున్నదే అల్లుడా" అని ఇటు నుంచి అటు మొదలుపెట్టిండ్రు. బావ మళ్ల పాకిండు. ఆమె ఊకుంటదా? నేల మీద పాకుతున్న అల్లుని బొజ్జ మీద ఒక చరణం, ప్యాడ్ మామ బట్టతల మీద ఒక చరణం, నా టోపీ మీద మూడు చరణాలు కట్టింది.

పాటకు నాలుగు నిమిషాలు చాలని ముందే చెప్పినం. ఇరవై నిమిషాలైంది, ఆపదు. సైగ చేసిన, చూడదు. నారు ఉన్నంతసేపు పాట ఆపితే నాటు పట్టదని వాళ్ల నమ్మకం. ఆ సంగతి తెల్వని మా బావ, అత్తమ్మకు ఎక్కడ తక్కువైతదో అని, కట్ట అయిపోంగనే ఇంకో కట్ట తెచ్చి పెడుతున్నడు! ముప్పావుగంటైనంక ప్యాడ్ మామ చేతులు పడిపోయి "తమ్మీ, నీకు దండం పెడ్త, నారు ఆపు!" అని మొత్తుకుంటే గాని మాకు తెలివి రాలే. ఆఖరి పీలిక నాటంగనే పాట దానంతట అదే ఆగింది. పెద్దమ్మ నడుం పట్టుకొని లేచి, "గింత ఎండిన మడి నేనేడ సూడలే" అన్నది. అప్పటికి కంప్యూటర్ హార్డ్ డిస్కు నిండిపోయింది. జాగ చాలక బావ నన్ను అడుగకుండనే నా పాటలు మూడు కొట్టేసిండు. నేను రెండు రోజులు ఆయనతోని మాట్లాడలే. (ఆ మూడు పోవుడే ఆల్బమ్‌కు జరిగిన మేలని ఇప్పుడు ఒప్పుకుంటున్న.)

ఇగ క్యాసెట్టు అట్ట మీద పేర్లు. నా ఫోటో పెద్దగ, మెడల నాయిన బిళ్లతోని. బావ కీబోర్డు మీద చేతులు పెట్టి "అత్తమ్మ పేరేంది బామ్మర్దీ? నాకెప్పుడూ అవసరం పడలే" అన్నడు. నేను టోపీ సర్దుకొని, "దుమ్ముగూడెం పెద్దమ్మ పాడిందంటే ర్యాప్ ఆల్బమ్ ఎవడు కొంటడు బావా? ఫీచరింగ్ మిస్ గోదావరి అని కొట్టు" అన్న. "మరి మాటిచ్చినవంట గదా?" "ఆమెకు చదువు రాదు గదా బావా" అన్న. ఆ మాట నా నోట్లకెళ్లే వచ్చింది. ఇన్నేండ్లకు గూడ దాన్ని ఎటు తిప్పి చెప్పుకుందామన్నా నాకు మంచి మాట దొరుకలేదు. బావ నా దిక్కు ఒక చూపు చూసి, అట్లనే టైపు కొట్టిండు. నేను ఒక క్యాసెట్టు తీసుకపోయి పెద్దమ్మకిచ్చిన. "నా పేరేదిరా?" అన్నది. మిస్ గోదావరి మీద ఏలు పెట్టి "గిదే" అన్న. ఆమె కొంగుతోని తుడిచి చూసుకొని, మూటల కట్టుకున్నది.

పాట ఆడింది! సారపాక నుంచి చర్ల దాక ఏ ఆటోల చూసినా అదే. నా గొంతు రాంగనే డ్రైవర్లు ముందుకు తిప్పి, ఆడగొంతు కాడ ఆపేటోళ్లు, అయినా ఆడింది ఆడిందే గదా అని మురిసిన. ఐటీఐ పోరలు షాపుకొచ్చి మిస్ గోదావరి ఏ కాలేజీ అని బావను సతాయించేటోళ్లు. ఒకడు గులాబీ రంగు కవర్ల ఉత్తరం గూడ ఇచ్చిపోయిండు, "మీ గొంతు ఇన్నప్పటి నుంచి బువ్వ పోతలేదు" అని. ఇటు పెద్దమ్మ సంతకు పోతూ ఆటోల పాట ఇని, "గది నా పాటనే" అన్నదంట. డ్రైవర్ నవ్వి "ఊకో అవ్వా, గది మిస్ గోదావరిది" అన్నడంట. పెద్దమ్మ మూట విప్పి, క్యాసెట్టు తీసి, "గీడ ఏం రాసున్నదో సదువు" అన్నది. వాడు మొత్తం సదివిండు. అట్ట మీద ఉన్న ఒక్కో అక్షరం సదివిండు. ఆమె క్యాసెట్టు మళ్ల మూటల కట్టుకొని సంత కాడ దిగిందని తర్వాత ముఠా ఆడోళ్లు చెప్పిండ్రు. నాకు ఆ సంగతి అప్పుడు తెల్వదు.

వినాయక చవితికి మా కాలనీ మండపంల ప్రోగ్రాం పెట్టిండ్రు. "నల్లపులి, మిస్ గోదావరి" అని బ్యానరు. సాయంత్రం ఐదింటికే కుర్చీలు నిండినయి. ముందు వరుసల మా నాయిన, ఇస్త్రీ చొక్కా ఏసుకొని, చేతులు కట్టుకొని కూర్చున్నడు, పక్కన మా అమ్మ. నేను ఒక పాట గొణిగిన. "మిస్ గోదావరి! మిస్ గోదావరి!" అని అరుపులు. గులాబీ కవర్ల పోరడు పూల బొకే పట్టుకొని నిలబడ్డడు. నేను ముందే అనుకున్నట్టు మైకుల "ఆమెకు జ్వరం, ఈ రోజు రాలే" అన్న. జనం ఎనక నుంచి ఒక గొంతు లేచింది, మైకు అక్కర లేని గొంతు. "నాకేం జ్వరంరా? నిక్షేపంగున్న!" పెద్దమ్మ. ఎంట ముఠా. చేతులల్ల నారు కట్టలు, ఈసారి కాయితంవి గావు, వాడినా అసలు నారే. తోవ ఇచ్చినోళ్లు ఇచ్చిండ్రు, ఇయ్యనోళ్లను పక్కకు జరిపి స్టేజి ఎక్కింది. నాకు టోపీ కింద చెమట కాలువలు కట్టింది.

ఒక్క మాట తిట్టలే. ముఠా నా చుట్టూ మూగింది, ఇద్దరు వంగి నా రెండు కాళ్లకు నారు పరకలు చుట్టి ముడేసిండ్రు. పెద్దమ్మ నడుం వంచింది. పాట ఎత్తుకున్నది.

"ఊరు పేరు లేని పాట నీరు తాగెనా
నీరు తాగి పెరిగినంక పేరు మరిసెనా
పేరడిగిన పెద్దమ్మకు జోరు జ్వరమట
పేరు చెప్పి కాలు తియ్యి, పెద్ద కొడుకా!"

ముఠా అందుకున్నది. కాలనీ మొత్తం అందుకున్నది. ప్యాడ్ మామ చేతులకు భజన గాదు, బరాత్ గాదు, ఇంకేదో తాళం తగులుకున్నది, ఆయనకే నమ్మబుద్ధి గాక తన చేతులను తానే చూసుకుంట వాయిస్తున్నడు. నేను మైకు పట్టుకున్న. "గీమెనే... గీమెనే మా పెద్దమ్మ" అన్న. "పెద్దమ్మలు అందరికుంటరు, పేరు చెప్పు!" అని ఎవడో అరిసిండు. నోరు తెరిసిన.

పేరు రాలే. మరిచిపోవుడు గాదు, నాకు తెల్వనే తెల్వదు! పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఆమె చేతి బువ్వ తిన్న, ఆమె కొంగుకు ముక్కు తుడుసుకున్న, పేరేందని ఒక్కనాడు అడుగలే. బావ అడిగిన రోజు స్టైల్ కోసం మిస్ గోదావరి అన్న అనుకున్న గాని, అడుగున ఉన్న సంగతి ఇదే, చెప్పడానికి నా దగ్గర పేరు లేకుండె. మా నాయిన దిక్కు చూసిన. వదినె అని తప్ప ఎరుగని మనిషి, తల కిందికి ఏసుకున్నడు. మా అమ్మ ఏదో చెప్తాంది, పెదవులు కదులుతున్నయి, చప్పుడుకు ఇనపడుత లేదు. మొదటిసారి సిగ్గంటే ఏందో తెలిసింది నాకు. మైకు పక్కకు పెట్టిన, టోపీ తీసిన, కట్టేసిన కాళ్లతోనే నడుం వంచి ఆమె నోటికాడ చెవి పెట్టిన. "నీ పేరేంది పెద్దమ్మా?"

ఆమె పాట ఆపింది. నడుమల పాట ఆపంగ నేను చూసింది అదొక్కసారే. నా ముఖంలకు చూసింది, ఇంత కోపం, ఇంత నవ్వు. చెవుల చెప్పింది. నేను లేచి మైకుల అన్న: "ముత్తమ్మ." "గట్టిగ చెప్పు, ఆఖరుకున్నోళ్లకు ఇనపడలే" అన్నది. "ముత్తమ్మ!" అన్న. "ముఠాకు?" అని ఎనక ఆడోళ్లు అడిగిండ్రు. ఒక్కొక్కరి పేరు అడిగి అడిగి, ఐదుగురివీ చెప్పిన. అప్పుడు గాని నా కాళ్లు ఇడవలే. గులాబీ కవర్ల పోరడు చానాసేపు బొకే పట్టుకొని ఆలోచించి, తర్వాత వచ్చి ముత్తమ్మకే ఇచ్చి కాళ్లు మొక్కిండు. మంచోడు పాపం.

తెల్లారి నేను, బావ షాపుల కూర్చోని, మిగిలిన ప్రతి అట్ట మీద మిస్ గోదావరిని కొట్టేసి బాల్‌పెన్నుతోని పేరు రాసినం. దసరా వచ్చింది, పాట నలుగురు ఇన్నరు గాని నన్ను గాదని నాకే తెలిసి, నేను నోరు మూసుకొని మా నాయిన ఎంట కాంట్రాక్టు పనికి పోయిన. మొదటిసారి గని కాడికి పోయిన రోజు మా నాయిన "ఇప్పుడు పాడు, దిగినం మనం అని" అన్నడు. పాడలే. ఇద్దరం నవ్వుకున్నం.

దిద్దిన క్యాసెట్టు తీసుకొని పెద్దమ్మ కాడికి పోయినప్పుడు ఆమె నమ్మలే. ముందు ఆటో డ్రైవర్‌ను పిలిచి సదివిచ్చుకున్నది. తర్వాత నా చెయ్యి పట్టుకొని "నాది ఏడున్నది?" అన్నది. ఆమె ఏలును తీసుకపోయి పేరు మీద పెట్టిన. అక్షరాల మీద మెల్లగ జరిపింది. "నీదేది?" అన్నది. చూపిచ్చిన. రెండింటినీ మళ్ల మళ్ల కొలిసి చూసి, "నీది నా దానికన్న గింత పెద్దగున్నదేందిరా?" అన్నది. అందుకే ఇప్పుడు ఆ పాత క్యాసెట్టు చూసి ఎవరన్న "గిది నీ ఆల్బమే గదా?" అని అడిగితే, గా టోపీ పోరన్ని తలుసుకొని నవ్వుకుంట ఒక్కటే చెప్త: ముత్తమ్మ ఆల్బమ్, నడుమ నడుమ నేను గొణిగిన.